నల్గొండలో ముస్లిం విద్యార్థి సంస్థలో చేరాలా వద్దా: ఒక పాత కార్యకర్త సమాధానం

తమ్ముడూ,

నీ ఉత్తరంలో మూడు సంగతులున్నాయి. నల్గొండలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న నిన్ను సీనియర్లు ఒక ముస్లిం విద్యార్థి సంస్థలోకి రమ్మంటున్నారు. అది మతం పనా, రాజకీయమా, పల్లెల నుంచి వచ్చిన మనలాంటి వాళ్లకు దానితో ఏమైనా ఒరుగుతుందా అని నీ అనుమానం. పోలీసు కేసుల్లో ఇరుక్కుంటావని మీ అబ్బా టెన్షన్ పడుతున్నారు. ఇక మూడో సంగతిని చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేశావు. స్కూలు రికార్డులో నీ కులం దగ్గర 'ముస్లిం' అని మాత్రమే ఉంది, డిగ్రీ సీటు ఓసీ కింద తీసుకున్నావు, వచ్చే ఏడాది ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాయాలి. నాకైతే ఈ మూడోదే అన్నిటికన్నా పెద్దదిగా కనిపించింది. దాని దగ్గరికి వస్తాను.

నేను మహబూబ్‌నగర్‌లో వకీలుగా పని చేస్తున్నాను. పుట్టింది నల్గొండ జిల్లాలో. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలిన రోజు నేను ఇంటర్ పిల్లవాణ్ణి. ఆ తర్వాతి ఏడాది ఒక ముస్లిం విద్యార్థి సంస్థలో చేరి, చదువు అయిపోయేదాకా ఏడేళ్లు పని చేశాను. ఇప్పటికీ ఆ పిల్లలు అర్జీలు పట్టుకుని నా దగ్గరికి వస్తారు. కాబట్టి మంచీ చెడూ రెండూ చూసినవాడిగా చెబుతున్నాను.

ముందు మీ అబ్బా భయం గురించి. ఆయన్ని కొట్టిపారేయకు. మన జిల్లా వాళ్లకు 2015 ఏప్రిల్ మొదటి వారం గుర్తుంది. సూర్యాపేట బస్టాండ్‌లో తనిఖీ చేస్తున్న పోలీసుల మీద కాల్పులు జరిగాయి, పోలీసులు చనిపోయారు. రెండు మూడు రోజులకే జానకీపురం దగ్గర ఎదురుకాల్పులు. అదే వారంలో, వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న ఐదుగురు ముస్లిం విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర పోలీసు వాహనంలోనే తూటాలకు చనిపోయారు. ఆ నెలంతా మన ఇళ్లలో పిల్లలు చీకటి పడకముందే ఇంటికి రావాలని తల్లులు గుమ్మంలో నిలబడేవాళ్లు. అంతకుముందు 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత హైదరాబాద్‌లో ఎంతోమంది కుర్రాళ్లను పట్టుకుపోయారు. తర్వాత నిర్దోషులని వదిలేశారు గానీ, వాళ్ల చదువులు, ఉద్యోగాలు అప్పటికే పోయాయి. ఇవన్నీ చూసిన తండ్రి భయపడకుండా ఎలా ఉంటాడు?

అయితే భయం పోవాలంటే తేడా తెలియాలి. సిమీ (స్టూడెంట్స్ ఇస్లామిక్ మూవ్‌మెంట్ ఆఫ్ ఇండియా) అనే సంస్థ 1977లో అలీగఢ్‌లో పుట్టింది. 2001 సెప్టెంబర్‌లో కేంద్రం దాన్ని నిషేధించింది, ఆ నిషేధాన్ని పొడిగిస్తూనే ఉంది. 2022 సెప్టెంబర్‌లో పాపులర్ ఫ్రంట్ ఆఫ్ ఇండియా (పీఎఫ్ఐ)ను నిషేధించినప్పుడు దాని విద్యార్థి విభాగమైన క్యాంపస్ ఫ్రంట్‌ను కూడా నిషేధించారు. నిషేధం ఉన్న సంస్థలో సభ్యుడిగా కొనసాగడమే చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం (యూఏపీఏ) పదో సెక్షన్ కింద నేరం. వీటి పేరుతోగానీ, వీటి పాత మనుషులు కొత్త పేరుతోగానీ ఎవరైనా పిలిస్తే అక్కడికి వెళ్లే పనే లేదు.

మరోవైపు ఎస్ఐఓ ఉంది. స్టూడెంట్స్ ఇస్లామిక్ ఆర్గనైజేషన్. సిమీ దారి వేరైపోయాక, 1982 అక్టోబర్‌లో జమాతే ఇస్లామీ హింద్ అండతో పుట్టిన సంస్థ. పేరు, జెండా, అధ్యక్షుడు, రెండేళ్లకోసారి మారే కార్యవర్గం అంతా బహిరంగమే. కేరళలో ముస్లిం లీగ్‌కు ఎంఎస్ఎఫ్ అనే విద్యార్థి విభాగం ఉంది. సున్నీ సంప్రదాయం వాళ్లకు ఎస్ఎస్ఎఫ్ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఎన్నికల్లో ఈ పేర్లలో కొన్ని వినపడతాయి. ఇవన్నీ చట్టప్రకారం నడిచేవే. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో అందరికీ ఉన్నట్టే మనకూ ఉంది. ఏబీవీపీకి, ఎస్ఎఫ్ఐకి, ఎన్ఎస్‌యూఐకి ఉన్న హక్కే ఇది. ఈ ముక్క మీ అబ్బాకు నెమ్మదిగా చెప్పు.

కేసులు నిజానికి ఎక్కడి నుంచి వస్తున్నాయో నా అనుభవం చెబుతాను. నా దగ్గరికి వచ్చిన కుర్రాళ్లలో ధర్నాలో పట్టుబడినవాళ్లు తక్కువ. అర్ధరాత్రి కోపంలో ఎవరో పంపిన వీడియోను ముందుకు తోసినవాళ్లే ఎక్కువ. పాత ఐపీసీ 153ఏ సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 196వ సెక్షన్. మతాల మధ్య శత్రుత్వం పెంచారని దాని కింద కేసు కడతారు. సంస్థలో చేరినా చేరకపోయినా ఫోను విషయంలో జాగ్రత్తగా ఉండు.

ఇక మతమా, రాజకీయమా అన్న ప్రశ్న. రెండూ ఉంటాయి. ఎస్ఐఓ లాంటి దాంట్లో వారానికోసారి కూర్చుంటారు. ఖురాన్ పాఠం ఉంటుంది, నడవడి గురించి మాటలుంటాయి, తర్వాత ఆ వారం కాలేజీలో ఏం జరిగిందన్న చర్చ. ఎంఎస్ఎఫ్ లాంటి దాంట్లో పార్టీ గాలి ఎక్కువ. నీకు నమాజు అలవాటు, దీన్ (మత ధర్మం) మీద ప్రేమ ఉంటే మొదటి రకంలో ఇమడగలవు. లేకపోతే ఇబ్బంది పడతావు. ఏది నీకు సరిపోతుందో నువ్వే చూసుకో. నేను చెప్పాలనుకున్నది మాత్రం వేరే: నల్గొండ, పాలమూరు జిల్లాల్లో ముస్లింల హక్కుల పని హైదరాబాద్ పద్ధతిలో చేస్తే సాగదు.

ఎందుకంటే లెక్కలు చూడు. 2011 జనాభా లెక్కల్లో హైదరాబాద్ జిల్లాలో నూటికి 43 మంది ముస్లింలు. రాష్ట్రం మొత్తం మీద 12.7 శాతం. ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో ఎనిమిది శాతం చుట్టుపక్కల, ఉమ్మడి నల్గొండలో ఐదు శాతానికి కాస్త పైన. ఆ ఐదు శాతం కూడా ఒక్కచోట లేరు. నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, భువనగిరి పట్టణాల్లో కొందరు, మిగతావాళ్లు ఊరికి పది ఇళ్లు, ఇరవై ఇళ్లు. మెకానిక్ షెడ్డు, వెల్డింగ్ షాపు, మటన్ కొట్టు, గాజుల గంప, ఆటో. పాతబస్తీలో ఒక నాయకుడు గట్టిగా మాట్లాడితే వెనక ఓట్లున్నాయని అధికారులకు తెలుసు. మర్రిగూడలోనో మక్తల్‌లోనో మన పిల్లవాడు అదే గొంతుతో మాట్లాడితే వెనక ఎవరూ ఉండరు. మనకు ఇక్కడ ఉన్నవి రెండే: సరైన కాగితం, పక్కింటి మనిషి.

కాగితం సంగతి ముందు చెబుతాను. ఇక్కడ కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదువు.

వెనుకబడిన ముస్లిం వర్గాలుగా మనకున్న బీసీ-ఈ 4 శాతం రిజర్వేషన్ ఊరికే రాలేదు. 2004లో వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రభుత్వం ముస్లింలకు 5 శాతం ఇస్తే హైకోర్టు కొట్టేసింది. 2005లో మళ్లీ తెస్తే మళ్లీ కొట్టేసింది. మతం మొత్తానికి ఇస్తే నిలబడదని అర్థమయ్యాక, రిటైర్డ్ ఐఏఎస్ అధికారి పి.ఎస్. కృష్ణన్ చేత అధ్యయనం చేయించి, వెనుకబడిన ముస్లిం వర్గాలను గుర్తించి 2007లో చట్టం చేశారు. 4 శాతం. షేక్, ఖురేషీ, ఫకీర్, ముస్లిం చాకలి, నాయీ, అత్తరు సాయిబులు, గారడీ సాయిబులు, పాముల వాళ్లు, సిద్దీలు, ఇలాంటి వర్గాలు అందులో ఉన్నాయి. సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా, ఖోజా, కచ్ఛీ మెమన్ లాంటి వాళ్లను బయట ఉంచారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దీన్నీ కొట్టేసింది. మార్చి 25న సుప్రీంకోర్టు ఈ కోటా కొనసాగేలా మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. ఆ ఉత్తర్వు నీడలోనే ఎన్నో బ్యాచ్‌ల పిల్లలు డాక్టర్లు, ఇంజినీర్లు, టీచర్లు అయ్యారు. తెలంగాణ వచ్చాక ముస్లింల స్థితిగతుల మీద వేసిన సుధీర్ కమిషన్ 2016లో నివేదిక ఇచ్చింది. 2017 ఏప్రిల్‌లో అసెంబ్లీ ఈ 4 శాతాన్ని 12 శాతం చేసే బిల్లు పాస్ చేసింది. అది ఢిల్లీకి వెళ్లి అక్కడే ఆగిపోయింది.

పన్నెండు శాతం కోసం సభలు చాలా జరిగాయి. నేను కూడా వెళ్లాను, అది న్యాయమైన కోరికే. కానీ ఉన్న 4 శాతం మన పల్లె పిల్లలకు ఎందుకు చేరడం లేదో చూసినవాళ్లు తక్కువ. చేరకపోవడానికి కారణం నీ స్కూలు రికార్డులో ఉన్న ఆ ఒక్క మాటే.

ఊళ్లో బడిలో చేర్చుకునేటప్పుడు సారు అడుగుతాడు: కులం? తండ్రి చెబుతాడు: ముస్లిం. సారు అదే రాస్తాడు. ఇంటిపేరు అడిగితే 'ఎండీ' అంటాడు. మహమ్మద్ అనే పవిత్ర నామం మన దగ్గర 'ఎండీ' అయి ఇంటిపేరులా స్థిరపడిపోయింది. తాత షేక్ ఫలానా, తండ్రి ఎండీ ఫలానా, కొడుకు మళ్లీ ఇంకో రకం. పదేళ్ల తర్వాత కుల ధ్రువీకరణ పత్రానికి వెళ్తే, "జాబితాలో షేక్ ఉంది, మహమ్మద్ లేదు, నువ్వు షేక్ అని రుజువేంటి?" అంటారు. ఆ అధికారి తప్పు కూడా పూర్తిగా కాదు. ఆయన ముందు ఉన్న కాగితంలో 'ముస్లిం' అని తప్ప ఏమీ లేదు.

పాలమూరులో ఒక వెల్డర్ కూతురు విషయంలో నేను ఇదంతా దగ్గరుండి చూశాను. మంచి ర్యాంకు వచ్చింది. కౌన్సెలింగ్‌కు వారం ఉంది. మండల కార్యాలయంలో మూడుసార్లు తిప్పారు. ఆ అమ్మాయి తండ్రి సంతకం కూడా కష్టంగా పెట్టే మనిషి. గేటు దగ్గర కూర్చుని ఏడ్చాడు. అప్పుడు విద్యార్థి సంస్థలో ఉన్న ఇద్దరు కుర్రాళ్లు ఒక పని చేశారు. ఆ అమ్మాయి తాతకు ఎకరంన్నర చెలక ఉండేదని తెలుసుకుని, రికార్డు గదిలో 1954-55 నాటి పాత భూమి రికార్డు, ఖాస్రా పహాణీ వెతికించారు. అందులో తాత పేరు ముందు 'షేక్' అని స్పష్టంగా ఉంది. ఆ నకలు, తండ్రి చదివిన మూడో తరగతి అడ్మిషన్ రిజిస్టర్ నకలు, ఊళ్లో ఇద్దరు పెద్దల వాంగ్మూలం జత చేసి అర్జీ మళ్లీ రాశారు. పత్రం వచ్చేసరికి మొదటి విడత అయిపోయింది. రెండో విడతలో సీటు దొరికింది. ఆ అమ్మాయి ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది, తమ్ముణ్ణి చదివిస్తోంది.

ఆ ఇద్దరు కుర్రాళ్లు అక్కడితో ఆగలేదు. ఒక పొడుగు నోటు పుస్తకం కొన్నారు. తమకు తెలిసిన ఊళ్లలో తొమ్మిది, పది తరగతులు చదువుతున్న ముస్లిం పిల్లల పేర్లు, తండ్రి పేరు, తాత పేరు, బడి రికార్డులో కులం దగ్గర ఏముంది, పత్రం ఉందా లేదా, ఇవన్నీ రాసుకుంటూ రెండేళ్లు తిరిగారు. పదో తరగతి అయిపోయాక రికార్డు దిద్దించడం చాలా కష్టం. ముందే హెడ్‌మాస్టర్‌కు అర్జీ ఇస్తే సులువు. ఆ పుస్తకంలో ఎక్కిన పిల్లల్లో ఎవరూ కౌన్సెలింగ్ వారంలో గేటు దగ్గర ఏడవలేదు. మైనారిటీ హక్కుల కోసం పని చేయడం అంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే నాకు ఆ నోటు పుస్తకమే గుర్తొస్తుంది. దాని అట్ట మీద నూనె మరకలుండేవి, ఒక కుర్రాడిది మిర్చి బజ్జీల బండి.

ఇంకో గందరగోళం కూడా తీర్చాలి. ఫీజు రీయింబర్స్‌మెంటుకు బీసీ-ఈ పత్రం తప్పనిసరి అని చాలామంది అనుకుంటారు. మైనారిటీ విద్యార్థిగా, ఆదాయ పరిమితి లోపల ఉంటే ఆ పథకం వేరే వస్తుంది. పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. సీటుకూ ఉద్యోగానికీ మాత్రం బీసీ-ఈ కావాలి. సయ్యద్, పఠాన్ పిల్లలు బీసీ-ఈకి రారు గానీ, ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉండి మిగతా షరతులు సరిపోతే ఆర్థికంగా వెనుకబడిన అగ్రవర్ణాల కోటా, ఈడబ్ల్యూఎస్ పది శాతంలో పోటీ పడవచ్చు. ఈ సంగతి తెలియక ఓసీలో మిగిలిపోయిన పిల్లల్ని నేను ఎంతమందిని చూశానో.

ఇక్కడే సంస్థల లోపల దాగి ఉండే ఒక విషయం చెప్పాలి. నా రోజుల్లో మా నాయకులు ఎక్కువమంది ఉన్నంతలో ఉన్న ఇళ్ల పిల్లలు, మంచి ఉర్దూ వచ్చినవాళ్లు. ఫకీర్ల పిల్లలు, ఖురేషీల పిల్లలు సభలకు కుర్చీలు మోసేవాళ్లు. 2024 చివర్లో మన ప్రభుత్వం చేసిన కుల సర్వేలో రాష్ట్ర జనాభాలో ముస్లిం బీసీలు 10.08 శాతం, ముస్లిం ఓసీలు 2.48 శాతం అని తేలింది. అంటే ఐదుగురిలో నలుగురు వెనుకబడినవాళ్లు. సంస్థ కార్యవర్గంలో ఆ నలుగురు ఎక్కడున్నారని నువ్వు చేరేముందు అడుగు. 'ఇస్లాంలో కులం లేదు' అని జవాబు వస్తుంది. దీన్‌లో లేదు, నిజమే. పెళ్లి సంబంధాల్లో, కుర్చీల్లో ఉందా లేదా అని నెమ్మదిగా మళ్లీ అడుగు.

భాష కూడా అంతే. ఒకసారి మహబూబ్‌నగర్‌లో పెద్ద సమావేశం పెట్టాం. హైదరాబాద్ నుంచి వచ్చిన వక్తలు గంటసేపు అందమైన ఉర్దూలో మాట్లాడారు. అచ్చంపేట, కొల్లాపూర్ వైపు నుంచి వచ్చిన పిల్లలు కదలకుండా కూర్చున్నారు. ఇంట్లో దక్కనీ మాట్లాడతారు, చదివింది తెలుగు మీడియం, ఉర్దూ అక్షరాలు రావు. వెనక బెంచీలో ఒక దూదేకుల కుర్రాడు ఉన్నాడు. వాళ్లింట్లో తెలుగే మాట్లాడతారు, బీసీ-బీలో ఉంటారు. టీ తాగేటప్పుడు నా దగ్గరికి వచ్చి, "అన్నా, ఇది మా కోసం కూడానా?" అని అడిగాడు. ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. తర్వాత నుంచి మా కరపత్రాలు ముందు తెలుగులో రాసి, ఆ తర్వాత ఉర్దూలో వేశాం. తెలుగు కరపత్రం వల్ల ఇంకో లాభం కూడా వచ్చింది. హెడ్‌మాస్టరు, తహసీల్దారు, పక్క బెంచీ లంబాడా విద్యార్థి కూడా చదివారు.

ఉర్దూ వదిలేయమని దీనర్థం కాదు. 2017 నవంబర్‌లో అసెంబ్లీ ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేసింది. నారాయణపేట, మహబూబ్‌నగర్, నల్గొండ పట్టణాల్లో ఉర్దూ మీడియం బడులున్నాయి. వాటికి సరిపడా టీచర్లు లేరు. ఎందుకు లేరంటే, రోస్టర్ (రిజర్వేషన్ వంతుల వరుస) ప్రకారం ఉర్దూ మీడియం పోస్టుల్లో కొన్ని ఎస్సీ, ఎస్టీ వర్గాలకు పోతాయి. ఆ వర్గాల్లో ఉర్దూ మీడియంలో చదివి టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్లు దొరకరు. పోస్టు ఖాళీగా మిగిలిపోతుంది, అభ్యర్థి ఇంట్లో ఉంటాడు, బడిలో పిల్లలు టీచర్ లేకుండా కూర్చుంటారు. ముస్లిం విద్యార్థి సంస్థలు ప్రతి డీఎస్సీ అప్పుడూ ఈ విషయం మీద వినతిపత్రాలు ఇస్తూనే ఉన్నాయి. వీళ్లు అడగకపోతే ఈ సమస్య ఉందని కూడా ఎవరికీ తెలియదు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థి సంఘాలతో ముందు కూర్చుని, వాళ్ల వాటా తగ్గకుండా ఈ ఖాళీలు నింపే దారి కలిసి అడిగితే మాట ఇంకా గట్టిగా ఉంటుందని నా అభిప్రాయం.

పక్కింటి మనిషి అన్నది ఇందుకే. 2022 చివర్లో కేంద్రం రెండు దెబ్బలు వేసింది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా మైనారిటీ పిల్లలకు వచ్చే ప్రీ-మెట్రిక్ స్కాలర్‌షిప్ ఆపేసి, తొమ్మిది, పది తరగతులకే పరిమితం చేసింది. పీహెచ్‌డీ వాళ్లకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కూడా ఆపేసింది. సంస్థలు రోడ్డెక్కాయి. ఢిల్లీలో, హైదరాబాద్‌లో ధర్నాలు జరిగాయి. మన జిల్లాల్లో ఏం జరిగిందో చెబుతాను. ఒక పట్టణంలో మన పిల్లలు ఇరవై మంది ప్లకార్డులు పట్టుకుని కలెక్టరేట్ ముందు నిలబడ్డారు, ఫొటో దిగారు, వెళ్లిపోయారు. ఇంకో చోట ముస్లిం పిల్లలు, క్రైస్తవ పిల్లలు, ఫీజు బకాయిల వల్ల సర్టిఫికెట్లు కాలేజీలో ఇరుక్కున్న బీసీ పిల్లలు కలిసి వెళ్లారు. రెండు వందల మంది. స్కాలర్‌షిప్ మళ్లీ రాలేదు, అది జిల్లా చేతిలో లేదు. కానీ సర్టిఫికెట్లు ఆపిన కాలేజీల మీద అధికారి అదే వారం మీటింగ్ పెట్టాడు, చాలామందికి మెమోలు చేతికొచ్చాయి. ఇరవై మందితో అది జరిగేది కాదు.

మైనారిటీ గురుకులాలు 2016లో 71 బడులతో మొదలై ఇప్పుడు రెండు వందలు దాటాయి. వాటిలో నూటికి 25 సీట్లు ఇతర వర్గాల పిల్లలవే. ఆ హాస్టల్లో అన్నం బాగా లేకపోతే షేక్ పిల్లవాడితో పాటు మాదిగ పిల్లవాడు, యాదవుల పిల్లవాడు కూడా ఆకలితో పడుకుంటాడు. దాన్ని 'ముస్లింల సమస్య' అని ఎందుకు చిన్నది చేసుకోవాలి?

మన నేలకు ఇది కొత్త కూడా కాదు. జాన్‌పహాడ్ ఉర్సుకు ఎవరెవరు వస్తారో నీకు తెలుసు. సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి అన్న పేర్లు హిందువుల ఇళ్లలో ఉన్నాయంటే ఆ దర్గా వల్లనే. పీర్ల పండుగకు గుండం తవ్వేదెవరో, పీరు ఎత్తుకునేదెవరో ప్రతి ఊళ్లో తెలుసు. విస్నూరు దొర, అక్కడి దేశ్‌ముఖ్ అండ ఉన్నవాళ్లతో భూమి కోసం ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్లాడి 1940లో హత్యకు గురైన షేక్ బందగీ అప్పటి నల్గొండ జిల్లా రైతే. ఆయన్ని సాయిబుల మనిషిగా ఎవరూ గుర్తుపెట్టుకోలేదు, దొరను ఎదిరించిన మనిషిగా గుర్తుపెట్టుకున్నారు. 1952లో కమ్యూనిస్టు నాయకుడు, ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్‌ను అసెంబ్లీకి పంపింది హుజూర్‌నగర్ ఓటర్లు. అక్కడ ముస్లింల ఓట్లు ఎన్ని ఉంటాయి? మన సంస్థల పిల్లలకు వీళ్ల గురించి చెప్పేవాళ్లు లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఆడపిల్లల సంగతి. ఎస్ఐఓలో మగపిల్లలే, ఆడపిల్లలకు జీఐఓ అని వేరే సంస్థ ఉంది. ఇంటర్ అయిపోయాక కాలేజీ దూరమని, బస్సు లేదని, హాస్టల్ లేదని చదువు మానిపించిన అమ్మాయిలు మన ప్రతి ఊళ్లో ఉన్నారు. నేను పని చేసిన ఏడేళ్లలో మా సమావేశాల్లో ఈ విషయం ఎజెండాలో రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ మగవాళ్లమే మాట్లాడుకున్నాం. ఒక ఊరి అమ్మాయిలు ఐదుగురు కలిసి ఆర్టీసీ డిపోకు వెళ్లి ఉదయం ఎనిమిదింటి బస్సు అడిగి తెచ్చుకున్నారు. వాళ్లకు ఏ సంస్థా తోడు లేదు. మీ దగ్గర ఎలా ఉందో చూడు. లేకపోతే నువ్వు చేరి మార్చే ప్రయత్నం చెయ్యి.

చేరేముందు ఇంకేం చూడాలంటే, సంస్థ రాసుకున్న నియమావళి అడుగు, చూపిస్తారా చూడు. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో, లెక్క ఎవరు రాస్తారో అడుగు. అమ్మానాన్నలకు చెప్పొద్దని ఎవరైనా అంటే అదే రోజు బయటికి రా. ఇతర సంఘాల పిల్లలతో మాట్లాడితే కోపగించుకునే చోట ఉండకు. ఏటా ఒక పెద్ద సభ, పది ఫొటోలు, వాటితోనే సరిపెట్టుకునే యూనిట్లు చాలా ఉన్నాయి. దూర దేశాల్లో మన వాళ్లకు జరిగే అన్యాయం మీద గుండె మండడం సహజం, దాని మీద మాట్లాడాలి కూడా. కానీ ఆరు నెలల మినిట్స్ బుక్ తిరగేస్తే మీ జిల్లా పేరు ఒక్కసారి కూడా కనిపించకపోతే, అక్కడ నీ సమయం వృథా అవుతుంది.

పని నేర్చుకోవాలనుకుంటే సమాచార హక్కు చట్టంతో మొదలుపెట్టు. మండల కార్యాలయంలో ఐదు రూపాయలు, జిల్లా కార్యాలయంలో పది రూపాయలు ఫీజు. తెల్ల కార్డు వాళ్లకు అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. మీ మండలంలో గత మూడేళ్లలో బీసీ-ఈ పత్రాలకు ఎన్ని అర్జీలు వచ్చాయి, ఎన్ని తిరస్కరించారు, ఏ కారణంతో అని అడుగు. ఆ జవాబు చేతిలో పట్టుకుని సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్తే కలెక్టర్ గారు నిన్ను కూర్చోబెట్టి మాట్లాడతారు. నినాదం ఇస్తే అర్జీ తీసుకుని పక్కన పెడతారు. మన కుర్రాళ్లకు నేను ప్రతిసారీ చెప్పేది ఇదే.

ఇప్పుడు నీ సొంత పని. మీ ఇంటిపేరు 'ఎండీ' అని రాశావు, తాతది ఏమిటో రాయలేదు. ఈ ఆదివారం ఊరికి వెళ్లినప్పుడు మీ అబ్బాను, దాదీ ఉంటే ఆమెను కూడా కూర్చోబెట్టి అడుగు. తాత పేరు మీద భూమి ఉండి ఉంటే ఖాస్రా పహాణీ నకలుకు తహసీల్దారు కార్యాలయంలో అర్జీ పెట్టు. అబ్బాగానీ, బాబాయిలుగానీ బడికి వెళ్లి ఉంటే ఆ బడి అడ్మిషన్ రిజిస్టర్ నకలు తీసుకో. దగ్గరి చుట్టాల్లో ఎవరికైనా ఇప్పటికే బీసీ-ఈ పత్రం వచ్చి ఉంటే దాని జిరాక్స్ చాలా బలం. ఇవన్నీ పెట్టి మీ-సేవలో దరఖాస్తు చెయ్యి, రసీదు నంబరు జాగ్రత్తగా ఉంచుకో. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇమ్మను, ఆ కాగితం నాకు పంపు, ఆర్డీవోకు అప్పీలు నేను రాసిస్తాను, ఫీజు అక్కర్లేదు. ఐసెట్ కౌన్సెలింగ్ దాకా ఆగకు, ఇప్పుడే మొదలుపెట్టు.

నిన్ను పిలుస్తున్న ఆ సీనియర్లను మండల కార్యాలయానికి తోడు రమ్మని అడుగు. వాళ్లు వచ్చారా, వస్తే ఎన్నిసార్లు వచ్చారు, అక్కడ ఎలా మాట్లాడారు, అదంతా నాకు రాయి. చేరే సంగతి అప్పుడు మాట్లాడుకుందాం. మీ అబ్బాకు నా సలాం చెప్పు. ఆయన నాతో మాట్లాడాలనుకుంటే సాయంత్రం ఏడు తర్వాత ఎప్పుడైనా సరే, కోర్టు పని అప్పటికి అయిపోతుంది.